నలభయ్యో వరస

ఆ రోజు వీరవేణికి నడుం నొప్పి లేదు.

ఈ ఒక్క ముక్క ఆమె ఎవరితోనూ అనలేదు. నొప్పి ఉన్న రోజుల గురించి ఊరందరికీ చెప్పింది. విన్నవాళ్ళకి చెప్పింది, విననివాళ్ళకీ చెప్పింది. లేని ఆ ఒక్కరోజు గురించి మాత్రం గోడకి కూడా చెప్పలేదు.

ఆ రోజు అక్క కాకినాడ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది.

"ఆపరేషన్ చేసి బిడ్డని తీశారే. ఆడపిల్ల. మీ బావ లారీతో ఎక్కడో ఒరిస్సాలో ఉన్నాడు. రెండ్రోజులు వచ్చి తోడుంటావా?"

వీరవేణి అప్పుడే బట్టలుతికి, దండెం మీద ఆరేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటోంది. నడుం తేలిగ్గా ఉంది, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు. కానీ ఆసుపత్రి బల్ల గుర్తొచ్చింది. దాని మీద రెండ్రోజులు కూర్చుంటే ఆ నొప్పి రాకుండా ఊరుకుంటుందా? వస్తే అక్కడ తన గోడు ఎవరు వింటారు?

"లేవలేకపోతున్నానక్కా," అంది.

"అయ్యో. సరేలేవే. కాపడం పెట్టుకో. ఖాళీ కడుపుతో బిళ్ళలు మింగకు."

నాలుగేళ్ళలో ఆమె నొప్పిని మారుమాట లేకుండా నమ్మిన మనిషి అక్క ఒక్కతే. అబద్ధం చెప్పింది ఆ ఒక్కదానికే. ఆ రెండ్రోజులూ పక్కమంచం పేషెంటు వాళ్ళమ్మ అక్కకి మంచినీళ్ళు అందించిందని తర్వాత తెలిసింది. అప్పట్నించీ అక్క నుంచి ఫోన్ వస్తే వీరవేణి దాన్ని బోర్లా తిప్పి పెడుతుంది. పాపకి ఇప్పుడు పది నెలలు. మొహం ఎలా ఉంటుందో తెలీదు.

ఆ నొప్పి మొదలైంది తను పనిచేసే బట్టలకొట్లో. చీరల మూట ఎత్తబోతే నడుంలో కటుక్కుమంది. వారం రోజుల్లో పోతుందన్నారు. పోలేదు. స్కానింగు తీసి, "ఇందులో ఏమీ లేదమ్మా" అన్నారు. ఆ కాగితం ఇంటికొచ్చిన రోజు నుంచీ ఇంట్లోవాళ్ళ చూపులు మారాయి. అమ్మ "మళ్ళీనా?" అనేది. నాన్న అదీ అనేవాడు కాదు, టీవీ గట్టిగా పెట్టేవాడు. వీరవేణికి మనుషుల మొహాలు చదవడం అలా పట్టుబడింది. ఎవరు నమ్ముతున్నారు, ఎవరు నమ్మినట్టు నటిస్తున్నారు, ఎవరు వెనక్కి తిరిగి నవ్వుకుంటున్నారు. చివరికి తన నడుమునే అనుమానించడం మొదలుపెట్టింది. హాయిగా ఉన్న పూట కూడా అది ఎక్కడో తలుపు వెనక నక్కి ఉన్నట్టే ఉండేది.

అందుకే నేత పనికి లోవమ్మ దగ్గరికి వచ్చినప్పుడు నోరు మూసుకుంది.

లోవమ్మ ఉప్పాడ దాటాక సముద్రం వినబడే ఓ సాలెవీధిలో ఉంటుంది. డెబ్భై దాటిన మనిషి. జాందానీ నేతలో ఆమె చెయ్యి తిరిగినట్టు ఇంకొకరి చెయ్యి తిరగదని చుట్టుపక్కల పేరు. జాందానీ మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. పక్కపక్కన, కాళ్ళు మగ్గం కింది గుంటలోకి దించి, చీర మీది బొమ్మని, అంటే బుటాని, చెరో సగం వేళ్ళతో పోగు పోగూ ఎక్కించాలి. ఇద్దరి పనీ అయితేనే అడ్డపోగు మోసే నాడె ఇటునుంచి అటు వెళుతుంది, ఒక వరస పూర్తవుతుంది. ఒకరు ఆగితే రెండోవాళ్ళూ ఆగాల్సిందే.

ముప్పై ఏళ్ళు లోవమ్మకి ఎడమపక్కన కూర్చున్నది ఆమె తోడికోడలు సూరమ్మ. సూరమ్మ పోయి ఏడాదయింది. ఆ చోటు ఖాళీగా ఉంది.

"నీకు జబ్బులేమన్నా ఉన్నాయా?" అని అడిగింది లోవమ్మ మొదటిరోజు.

"ఏం లేవు మామ్మగారూ."

"సరే. ఈ చీర మగ్గం దిగేదాకా చూత్తాను. దిగాక ఆ ఎడమపక్క నీదో కాదో చెప్తాను."

అంతే మాట్లాడింది. వీరవేణి అదే వీధి చివర ఓ గది అద్దెకి తీసుకుంది. వీరవేణికి ఇంటికి తిరిగి వెళ్ళే దారి లేదు. ఉంది కానీ, ఆ దారి చివర అమ్మ "మళ్ళీనా?" అంటూ నిలబడి ఉంటుంది.

*

మొదటి వారంలోనే అనుమానం మొదలైంది.

పని మంచి ఊపు మీద ఉండేది. మామిడిపిందె బుటా తోక తిరుగుతూ ఉండేది. అప్పుడు లోవమ్మ పక్కనున్న గిన్నెలోంచి ఒక చింతపిక్క తీసి కొబ్బరిచిప్పలో వేసేది. టిక్కుమనేది. కుడిచేతి దగ్గరున్న మేకు నుంచి తాడు విప్పేది.

ఆ తాడే పడుగును, అంటే మగ్గం మీద నిలువుగా పరిచిన పోగుల్ని, బిగించి ఉంచేది. అది వదిలితే పోగులన్నీ ఒక్కసారి ఊపిరి వదిలినట్టు కిందికి జారతాయి. ఇక నేయడం కుదరదు. సాయంత్రం పని ముగిశాక సాలెవాళ్ళెవరైనా పడుగు వదులు చేసే లేస్తారు. బిగించి వదిలేస్తే పోగులు అలిసిపోతాయంటారు. కానీ పట్టపగలు, పని మధ్యలో, ఇలా?

"లెగు," అనేది లోవమ్మ.

"ఎందుకు మామ్మగారూ? ఇంకో పది వరసలైతే పిందె పూర్తవుద్ది కదా."

"లెగమన్నానా?"

లోవమ్మ గట్టు పట్టుకుని పైకి లేచి, వీధరుగు మీదికి పోయి నిలబడేది. చేపలమ్మే పైడమ్మ అటు వస్తే పరాచికాలాడేది.

"ఏంటి మామ్మా, మగ్గం వదిలేసి రోడ్డు కాపలా కాత్తన్నావు?"

"నీ గంపలో చేపలు ఎన్నిరోజులవో వాసన చూద్దామని లేచానే."

ఇద్దరూ నవ్వేవాళ్ళు. లోపల వీరవేణి గుంటలోనే కూర్చుని ఆ నవ్వు వినేది. లేచేది కాదు. 'నాకు లేవాల్సిన అవసరం లేదు' అని చూపించాలిగా. జారిపోయిన పోగుల వంక చూస్తూ లెక్కలు కట్టేది.

ఈవిడకి తెలిసిపోయింది. ఎవరు చెప్పారు? పైడమ్మ సామర్లకోట సంతకి వెళుతుంది. అమ్మ కూడా అదే సంతకి వస్తుంది.

ఆ పిక్కలేంటి? నా తప్పుల లెక్కా? రెండు రోజులు తన తప్పులన్నీ తనే గుర్తు పెట్టుకుంది. సరిపోలేదు. పిక్కలు నాలుగు పడ్డాయి, తప్పులు పదకొండు. ఈసారి వరసలు లెక్కపెట్టింది. నలభై. ప్రతి నలభై వరసలకీ ఒక పిక్క, ఒక "లెగు".

పరీక్ష పెట్టి చూసింది. నొప్పి బొత్తిగా లేని రోజు కూనిరాగం తీస్తూ హుషారుగా నేసింది. నలభయ్యో వరస కాగానే తాడు వదులైంది. ఇంకోరోజు ముప్పయ్యో వరసకే నడుంలో ఇనపకడ్డీ కాల్చి పెట్టినట్టయింది. పెదవి కొరుక్కుంటూ ఓరకంట చూసింది. లోవమ్మ తల తిప్పలేదు. ముప్పై ఐదు, ముప్పై ఎనిమిది. నలభైకి గానీ తాడు ముట్టుకోలేదు.

జాలి అయితే ముప్పైకే వదలాలి. శిక్ష అయితే హుషారుగా ఉన్న రోజు వదలకూడదు. ఇది రెండూ కాదు. అంటే ఇంకేదో ఉంది. కారణం తెలియని మంచితనం కన్నా భయపెట్టేది లోకంలో ఏముంటుంది?

వారానికోసారి పడక మీంచి లేవలేకపోయేది. "జొరం మామ్మగారూ," అని కబురు పంపేది. మర్నాడు వెళితే లోవమ్మ ఆమె మొహంలోకి ఒక్క క్షణం ఎక్కువసేపు చూసేది. ఆ చూపు వీరవేణికి బాగా తెలుసు. నాలుగేళ్ళుగా దాన్ని చదువుతూనే ఉంది.

*

ఎండలు ముదిరాక ఒకరోజు లోవమ్మ పిఠాపురంలో చుట్టాలింట పెళ్ళికి బయల్దేరింది. గుమ్మంలో చెప్పులేసుకుంటూ అంది:

"ఇవాళ మగ్గం ముట్టుకోకు. పడుగు వదులు చేసే ఉంచాను."

నమ్మకం లేదు, అనుకుంది వీరవేణి. ఒంటరిగా వదిలితే ఏం చేస్తానోనని.

లోవమ్మ ఎక్కిన ఆటో మలుపు తిరిగేదాకా ఆగి, తాడు లాగి మేకుకి బిగించింది. గుంటలోకి దిగి, రెండు పక్కల పనీ తనే చేయడం మొదలుపెట్టింది. కుడివైపుకి జరిగి సగం, ఎడమవైపుకి జరిగి సగం. ఇవాళ చూపిస్తాను ముసల్దానికి. లేవకుండా ఎంత నేయగలనో చూపిస్తాను.

నలభై అయింది. పిక్క వేయలేదు. డెబ్భై అయింది. తొంభై దగ్గర అది వచ్చింది. తలుపు తట్టలేదు, తోసుకునే వచ్చింది. "రా," అంది వీరవేణి పళ్ళ మధ్య నుంచి, "రా, నువ్వో నేనో." నూటపది. నూటపాతిక. కళ్ళ ముందు పోగులు రెండేసిగా కనబడుతున్నాయి. సగం పిందె దగ్గర చెయ్యి ఆగిపోయింది.

లేవాలనుకుంది. కాళ్ళు గుంటలో ఎవరివో కాళ్ళలా ఉన్నాయి. గట్టు మీద చెయ్యి ఆనించి పైకి లాగబోతే నడుం మెలిపడింది. పడిపోతానన్న భయంతో ముందుకి చెయ్యి చాచింది. చేతికి దొరికింది పడుగు.

వదులుగా ఉంటే పోగులు ఆ బరువుకి వంగేవి. బిగించి ఉన్నాయి. టపటపటపా తెగిపోయాయి. చిన్న చప్పుడే. గారెలు కాలేటప్పుడు నూనె చిటపటలాడినంత. అరచెయ్యి వెడల్పున, మగ్గం నడిమధ్యలో, ఖాళీ.

వీరవేణి ఎలాగో పాక్కుంటూ పైకొచ్చి, నేల మీద వెల్లకిలా పడుకుంది. ఇంటి దూలాలు చూస్తూ, పిల్లి దూకిందని చెబుదామనుకుంది. తర్వాత ఈ వీధిలో పిల్లి ఉందా అని ఆలోచించింది. కుంటిది ఒకటుంది. కుంటి పిల్లి మగ్గం మీదికి దూకగలదా? నమ్ముతుందా?

*

లోవమ్మ పొద్దు వాలకముందే వచ్చింది. చేతిలో తాంబూలం సంచి. గుమ్మంలో నిలబడి మగ్గాన్ని చూసింది. నేల మీదున్న వీరవేణిని చూసింది. మళ్ళీ మగ్గాన్ని చూసింది.

"ఏ పిల్లి చేసిందే ఇది?"

అబద్ధాన్ని ఒలిచి చేతిలో పెడుతోంది ముసల్ది. ఇది ఉచ్చే. ఉచ్చు కాకపోతే ఇంత సరిగ్గా పిల్లి అనే ఎందుకంటుంది? ఊఁ అంటే చాలు, దొరికిపోయినట్టే.

"పిల్లి కాదు మామ్మగారూ. నేనే. లేవలేక పట్టుకున్నాను."

"లేవలేకా? ఏం, ఏమైంది?"

వీరవేణి తల తిప్పి ఆ మొహాన్ని చదివింది. నాలుగేళ్ళ చదువంతా పెట్టి చదివింది. అక్కడ ఏమీ రాసి లేదు.

"మీకు తెలుసు కదా," అంది.

"ఏం తెలుసు?"

"నా నడుం సంగతి. తెలిసే కదా నలభై వరసలకోసారి నన్ను లేపుతున్నారు."

లోవమ్మ నోరు తెరిచింది. సంచి కింద పెట్టింది. గోడ పట్టుకుని మెల్లగా, మూడు విడతల్లో, కింద కూర్చుంది. కూర్చుని చీర మోకాళ్ళ దాకా లాగింది. రెండు మోకాళ్ళూ కొబ్బరి బొండాల్లా ఉన్నాయి. వాటికి నూనెలో తడిపిన పాతగుడ్డలు చుట్టి ఉన్నాయి.

"నిన్ను లేపడానికా? బాగానే ఉంది సంబడం. నేను లెగడానికే ఆ తాడు విప్పేది, నీ కోసం కాదు. నేనొక్కదాన్నే లేచి బయటికెళితే, ముసిల్ది పని తప్పించుకుంటందని అనుకుంటావేమోనని నిన్నూ లెగమన్నాను."

లోవమ్మ జారిన గుడ్డ ఒకటి బిగించి కట్టుకుంది.

"నీ నడుం సంగతి నాకేం తెలుసే? నువ్వు జొరం జొరం అని మానేత్తంటే, నా పక్కన కూచోవడం ఇష్టం లేక తప్పుకుంటన్నావనుకున్నాను. ఇంకో వారంలో పోతానంటావేమో అని రోజూ పొద్దున్నే నీ మొహం చూసేదాన్ని."

వీధిలో సైకిలు బెల్లు మోగింది. దూరంగా సముద్రం తన పని తాను చేసుకుపోతోంది.

"ఎన్నాళ్ళయింది మామ్మగారూ మీకు?"

"ముప్పై ఏళ్ళు. సూరమ్మకి రోజూ చెప్పేదాన్ని, ఇవాళ ఇంత ఉందే అని. అది ఊఁ అనేది."

"ఊఁ అని?"

"అంతే. మందు చెప్పేది కాదు, అయ్యో అనేది కాదు. ఊఁ అని పోగు ఎక్కించుకునేది."

వీరవేణికి చాలా రోజులుగా లోపల తిరుగుతున్న ప్రశ్న బయటికొచ్చింది.

"నొప్పి లేని రోజు కూడా లేస్తారు. ఎందుకు? అలాంటి రోజు ఆపకుండా నేసుకోవచ్చు కదా."

లోవమ్మ చీర కిందికి దించుకుంది. "ముందు నేనూ అలాగే నేసేదాన్ని. అది వచ్చి జుట్టు పట్టుకుని లేపేదాకా." గోడ పట్టుకుని మళ్ళీ మూడు విడతల్లో లేచింది. "ఇప్పుడు దాన్ని అడిగి లెగను."

వంటింట్లోకి వెళ్ళి మట్టిమూకుడులో మెత్తని బూడిద తెచ్చింది. తెగిన పోగులు అతకాలంటే వేళ్ళకి బూడిద రాసుకుని, రెండు కొనలూ కలిపి నులమాలి. నూటికి పైగా ఉన్నాయి. ఇక తిట్లు మొదలవుతాయని వీరవేణి కాచుక్కూచుంది. లోవమ్మ తాడు పూర్తిగా విప్పి, పడుగు కిందికి దించింది. పడుకున్న మనిషి చేతికి అందేంత కిందికి.

"లెగక్కర్లేదు. అలాగే పడుకుని ఈ కొన పట్టుకో. ఇవాళ ఎంత ఉంది?"

ఈ ప్రశ్న వెనక ఏముందోనని వీరవేణి అలవాటుగా వెతికింది. ఏమీ దొరకలేదు.

"చాలా ఉంది మామ్మగారూ."

"ఊఁ," అంది లోవమ్మ, మొదటి పోగు నులుముతూ.

*

అతకడానికి మూడు రోజులు పట్టింది. అతికిన చోట పడుగు మీద సన్నటి గరుకు మిగిలింది. చూపుకి ఆనదు, వేలికి తగులుతుంది. చీర దిగాక చెప్తానన్న సంగతి లోవమ్మ ఎత్తలేదు. వీరవేణీ అడగలేదు. ఈ చీరతో ఇక్కడ రోజులు చెల్లిపోయాయనే అనుకుంది. గుడ్డసంచి సర్ది, గదిలోంచి తెచ్చి మగ్గం దగ్గరే ఓ మూల పెట్టుకుంది కూడా.

నాలుగో రోజు పొద్దున్న వచ్చి గుంటలోకి కాళ్ళు దించబోతూ ఆగింది. ఏదో మారింది. కుడిపక్క గట్టు మీద, ముప్పై ఏళ్ళుగా మేకు ఉన్న చోట, మట్టితో పూడ్చిన బొక్క ఉంది. మట్టి ఇంకా తడిగానే ఉంది. వెదికి చూస్తే మేకు ఎడమపక్క కనబడింది. కొత్తగా దిగ్గొట్టారు. దానికి తాడు. దాని పక్కనే కొబ్బరిచిప్ప, చింతపిక్కలు.

లోవమ్మ కుడిపక్కన కూర్చుని నూలు చుట్టిన కండెలు సరిచూసుకుంటోంది. తల ఎత్తలేదు.

"చూత్తావేంటే? బిగించు."

వీరవేణి బిగించింది. పని మొదలైంది. పది వరసలు, ఇరవై. నడుం తేలిగ్గా ఉంది. ఇలాంటప్పుడు ఇంకా వేగంగా నేయాలనిపిస్తుంది, అది రాకముందే అంతా కాజెయ్యాలనిపిస్తుంది. ముప్పై. మామిడిపిందె తోక సరిగ్గా తిరుగుతోంది. ఇంకో పదిహేను వరసలకి పూర్తవుతుంది.

నలభై.

లోవమ్మ వేళ్ళు ఆగాయి. ఎదురుగా గోడ వంక చూస్తూ కూర్చుంది.

వీరవేణి చిప్పలో పిక్క వేసింది. తాడు విప్పింది. పోగులన్నీ కిందికి జారాయి.

"లెగండి మామ్మగారూ," అంది.

ఇద్దరూ గట్టు పట్టుకుని పైకి వచ్చారు. లోవమ్మ అరుగు మీదికి పోయింది. పైడమ్మతో ఏదో అంటోంది, ఇద్దరూ నవ్వుతున్నారు. వీరవేణి ఆ నవ్వు ఎవరి గురించో వినలేదు. మూలనున్న గుడ్డసంచి దగ్గరికి వెళ్ళి, అడుగున బోర్లా పెట్టిన ఫోను బయటికి తీసి, వెల్లకిలా తిప్పింది.

నడుం మీద చెయ్యి పెట్టి చూసుకుంది. ఇప్పుడు నొప్పి లేదు. ఆ రోజూ లేదు.

అక్కతో మొదట చెప్పాల్సిన ముక్క అదే. నొప్పి వచ్చేలోపే చెప్పెయ్యాలనుకుని, నంబరు కోసం వెతికింది.